ఇచ్చినవాడు వెళ్లిన తరువాత

ఒకనికి మేలు చేయుట ఎప్పుడు ముగియును? ఇచ్చినవాని చేయి చాపినప్పుడా, పుచ్చుకొనినవాని అక్కర తీరినప్పుడా? ఈ ప్రశ్నను మీ ముందుంచుటకు ఒక దూరదేశపు సంగతి చెప్పెదను.

మధ్య అమెరికాలో బెలీజ్ అను చిన్న దేశము కలదు. అందులోని శాన్ పాబ్లో అను పల్లెకు 2000 సంవత్సరమున బెర్నార్డ్ అమాడేయ్ అను ఆచార్యుడు వెళ్లెను. ఆయన అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయములో అప్పుడు ఇంజనీరింగు బోధించుచుండెను. ఆ పల్లెలో కుళాయి లేదు, కరెంటు లేదు. పిల్లలు నదినుండి నీళ్లు మోయుచు, బడికి పోలేకుండిరి. అయితే సమీపమున ఒక జలపాతముండెను. 2001లో ఆయన ఎనిమిదిమంది విద్యార్థులతో తిరిగి వెళ్లి, ఆ జలపాతపు బలముతోనే నడచు నీటి ఏర్పాటును నిర్మించెను. అయిన ఖర్చు సుమారు 14,000 డాలర్లు. ఈ పనినుండియే 2002లో అమెరికాలో 'ఇంజనీర్స్ వితౌట్ బోర్డర్స్', అనగా ఎల్లలెరుగని ఇంజనీర్లు, అను సంఘము పుట్టెను.

గమనించుడి. నీటిని నడిపిన బలము ఆ ఊరిదే. విద్యార్థులు తెచ్చినది ఆ బలమును వాడుకొను విద్య.

అయినను ఒక కష్టమైన ప్రశ్న మిగిలియున్నది. విద్యార్థి కొద్ది దినములుండి పోవును, అతనికి పరీక్షలున్నవి. గొట్టము పగిలిన దినమున అతడెక్కడ? అతనికి పాఠము దక్కెను, ఫొటో దక్కెను. ఊరి స్త్రీ మరల కుండనెత్తుకొని నదికి పోవలసినదేనా? బీదవాని అక్కర మన అభ్యాసమునకు పలక కారాదు.

ఆ సంఘమువారు ఈ ప్రశ్నను త్రోసివేయలేదు. ఒక ఊరితో పొత్తు కలిపిన విద్యార్థి బృందము ఏండ్ల తరబడి ఆ ఊరిని విడువరాదనియు, ఖర్చులో కొంత ఊరివారే భరించవలెననియు నియమము పెట్టుకొనిరి. అదే పేరుగల కెనడా సంఘమువారు 2008 మొదలుకొని తమ వైఫల్యములను తామే ఏటేట అచ్చువేసి బయటపెట్టిరి. తమ ఘనతను అచ్చువేయువారు అనేకులు. తప్పిన పనిని అచ్చువేయువారెందరు? ఊరివారిచేత కొంత పెట్టించుట కఠినమని కొందరందురు. కాని తాను పెట్టిన రూపాయిని మనుష్యుడు మరువడు. చెడినప్పుడు బాగుచేయుటకు ముందుగా వచ్చువాడు అతడే.

చదువరీ, నీ ఊరి వీధిని ఒకసారి చూడుము. దాత పేరు చెక్కిన రాయి మెరయుచుండగా, దాని ప్రక్కనే చేతిపంపు తుప్పుపట్టి యుండుటలేదా? వెలుగని సోలారు దీపము స్తంభముమీద వ్రేలాడుటలేదా? ఇచ్చినవానిని నిందించుట సులభము. దానిని విప్పి బిగించుట నేర్చినవాడు మన ఊరిలో ఒకడైనను ఉన్నాడా అని అడుగుట అంతకంటె మేలు.

ఇంజనీరింగు కాలేజీకి పోవుచున్న నీ కుమారునితోను కుమార్తెతోను ఈ సెలవులలో మాటలాడుము. ఊరికేమి తెచ్చెదవని అడుగకుము. ఊరిలో ఎవరికి ఏ పని నేర్పిపోయెదవని అడుగుము.