రుగ్ణదేహము – లింగసేవ



దేహము లింగమునకు ఆలయమని మనము నిత్యము చెప్పుకొందుము. ఆలయము జీర్ణించినంత మాత్రమున అర్చకుడు దానిని విడిచి పోడు. గోడకు సున్నము పెట్టుచునే పూజ సాగించును. ఈ మాటను సభలలో ఎన్నియో పర్యాయములు పలికితిని. నా దేహమునకే రోగము వచ్చిన నాడు మరచితిని.

నాకు మధుమేహము ప్రాప్తించి పదునొకండేండ్లైనది. మొదటి రెండేండ్లు దానిని దాచితిని. విందులలో చాలుననుటకు సిగ్గుపడి, వడ్డించిన బొబ్బట్లన్నియు తింటిని. నియమవంతుడైన లింగధారికి రోగమేమియని నలుగురు అందురేమో యను అభిమానము! వ్యాధి పాపఫలమని తలచువారు నేటికిని మనలో కొందరు కలరు. దయను ధర్మమునకు ఆధారముగా నిలిపిన బసవేశ్వరుని అనుయాయులకు ఈ తలంపు తగదని నా అభిప్రాయము.

ఒక శ్రావణ సోమవారము ఉదయము యథాప్రకారముగా ఇన్సులిన్ సూది వేసికొని పూజకు కూర్చుంటిని. పూజ ముగియకమునుపు మంచినీరైనను ముట్టరాదని మా యింటి నియమము. పర్వదినమగుటచే పూజ గంటకు పైగా సాగెను. చెమటలు పట్టెను, చూపు మసకబారెను, కరస్థలమునందు ఇష్టలింగము వణకజొచ్చెను. భక్తిపారవశ్యమని తొలుత భ్రమించితిని!

నా గృహిణి కనిపెట్టి, మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి తెచ్చెను. నేను వలదని తల యూపితిని. ఆమె, "ఏమండీ, చెయ్యి వణకి లింగము జారినచో ఆ దోషమును ఏ నియమము తీర్చును? లింగమునకు అర్పించి పుచ్చుకొనుడు. అప్పుడది ప్రసాదము గదా" అనెను. అర్పించి త్రాగితిని. పావుగంటకు చేయి నిలిచెను.

రక్తమున చక్కెర డెసిలీటరునకు 70 మిల్లీగ్రాములకంటె తగ్గినచో ఇట్టి ఉపద్రవము కలుగుననియు, మిక్కిలి తగ్గినచో స్పృహ తప్పుననియు, సూది వేసికొన్నవాడు భోజనమును ఆలస్యము చేయరాదనియు వైద్యులు వివరించిరి. మఠమునకు పోయి అయ్యగారికి విన్నవించితిని. మందలింతురని భయపడితిని గాని వారు నవ్వి, "పూజ ముందు, సూది తరువాత, పిమ్మట ప్రసాదము. క్రమము మార్చుకో నాయనా, లింగమును మార్చుకొమ్మనలేదు గదా" అనిరి. వైద్యులును దీనికి సమ్మతించిరి.

మా పెద్దనాయనగారు ఈ మందునే నిరాకరించిరి. ఆ దినములలో అది పశువుల, పందుల క్లోమములనుండి తీయబడుచుండెను. వారి శంక నిరాధారము కాదు. 1982 నుండి సూక్ష్మజీవుల ద్వారా తయారైన మానవ ఇన్సులిన్ వాడుకలోనికి వచ్చినది. నేడు అంగళ్లలో దొరకునది చాలవరకు ఆ విధమైనదే. కనుక ఆ శంకతో మందు మానుకొను పెద్దలెవరైన మీ యిండ్లలో ఉన్నచో ఈ సంగతి వారికి చెప్పుడు.

ఇక మితము మాట. ఆయ్దక్కి మారయ్య కల్యాణమున రాలిన బియ్యపు గింజలు ఏరి దాసోహము చేయువాడు. ఒకనాడు అలవాటునకు మించి తెచ్చెను. లక్కమ్మ సంతోషింపక, ఎక్కువైనది తిరిగి పోసి రమ్మని పంపెను. ఈ కథను నిస్పృహకు దృష్టాంతముగా చెప్పుదుము. నేనైతే ఇపుడు భోజనమునకు కూర్చున్నపుడెల్ల దీనిని స్మరింతును. ఒక గరిటె అన్నము, రెండు జొన్నరొట్టెలు, కూర; రెండవ గరిటె దగ్గర లక్కమ్మ నిలుచును. ఆకలియే లేనట్లు నటింపను. ఆకలి యున్నది, కొలతయు ఉన్నది.

నా పాదములలో స్పర్శ కొంత తగ్గినది. ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. తెలియని పుండే కాలు తీయించుకొనువరకు తెచ్చును. అందుచే గత శివరాత్రికి తోడివారు నల్లమల దారిని వట్టికాళ్లతో శ్రీశైలమునకు నడువగా, నేను వైద్యుల అనుమతితో మెత్తని చెప్పులు తొడిగి నడిచితిని. ప్రతి మజిలీయందును నా గృహిణి దీపము పట్టి నా అరికాళ్లు పరీక్షించెను. నలుగురును చూచిరి. ఈ పర్యాయము దాచలేదు.