వాడు ఆకలికి ఆగలేడు

రెండేళ్ళు నిండని బిడ్డ పోతే పురోహితుడు చేయించేదేమీ ఉండదు. నిప్పు లేదు, తిలోదకాలు లేవు, అస్థిసంచయనం లేదు. ఊరి వెలుపల శుభ్రమైన నేలలో పాతిపెట్టమంటుంది మనుస్మృతి ఐదో అధ్యాయం. పౌరోహిత్యం నా వృత్తి కాబట్టి ఈ మాట చాలా ఇళ్ళలో చెప్పాను. పోయిన శ్రావణంలో మా చెల్లెలింట్లో చెప్పాల్సి వచ్చింది. మేనల్లుడికి ఏడాదిన్నర. జ్వరం, ఆ వెంటనే ఫిట్స్. అంతే.

పెద్దవాళ్ళు పోయిన ఇంట్లో పది రోజులూ పనుంటుంది. నువ్వులు, దర్భలు, పిండాలకు బియ్యం, పొద్దున్నే రేవుకి నడక. ఏడుస్తూనే చేతులు ఆడుతుంటాయి, వచ్చేవాళ్ళు వస్తుంటారు. పసివాడు పోయిన ఇల్లు మర్నాటికే ఖాళీ. మా చెల్లెలు దండెం మీద ఆరిన చిన్న చొక్కాలు తీసి మడతపెట్టేది; కాసేపటికి అవే మళ్ళీ తడిపి ఆరేసేది. ఆపబోయిన వాళ్ళమ్మాయిని నేనే వారించాను. తల్లికి ఆ పూట మిగిలిన పని అదొక్కటే.

పలకరించడానికి వచ్చినవాళ్ళు రుణం తీరిపోయిందన్నారు, చిన్నదానివే మళ్ళీ పుడతారన్నారు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అంటారు. కానీ "పూర్వజన్మలో ఏం చేసుకుందో" అన్న మాట మాత్రం నేను సహించలేకపోయాను. కర్మను నమ్ముతాను, ఆ నమ్మకం మీదే నా రోజు గడుస్తుంది. నా నడవడి నేను దిద్దుకోవడానికి ఋషులు ఇచ్చిన మాట అది. పిల్లాణ్ణి పోగొట్టుకున్న ఆడదాని ఎదుట కూర్చుని, ఆమె ఖాతా చూసినట్టు మాట్లాడే అధికారం ఎవరికిచ్చారు?

గీత రెండో అధ్యాయం చదివి వినిపించమంది మేనత్త. చదవలేదు. ఆ మాటలు స్వయంగా కృష్ణుడి నోట విన్న అర్జునుడు, పదమూడో నాటి యుద్ధంలో అభిమన్యుడు పోతే కుప్పకూలిపోయాడు. వసిష్ఠుడి సంగతైతే ఆదిపర్వంలోనే ఉంది. నూరుగురు కొడుకులు పోయాక మేరువు మీంచి దూకాడు, నిప్పుల్లోకి నడిచాడు, ఒళ్ళంతా తాళ్ళతో కట్టుకుని ఏట్లో పడ్డాడు. ఆ నది కట్లు విప్పి ఒడ్డుకు చేర్చింది కాబట్టి విపాశ అయింది. పంజాబులో ఇప్పుడు బియాస్ అంటున్నది దాన్నే. బ్రహ్మజ్ఞానం లేక దూకాడా ఆయన? అంత జ్ఞానీ తట్టుకోలేకపోయాడని వ్యాసుడు దాచకుండా రాశాడు. అందుకే మా చెల్లెలికి ధైర్యం తెచ్చుకోమని నేను చెప్పలేదు. పక్కన కూర్చున్నాను.

ఒక సాయంత్రం తనే అడిగింది.

"అన్నయ్యా, వాడికి పిండం పెట్టరటగా?"

"పెట్టరమ్మా."

"మరి ఆకలేస్తే? వాడు ఆకలికి ఆగలేడు."

మా గురువుగారు చెప్పిన సమాధానం నోటిదాకా వచ్చింది: పాపపుణ్యాలు అంటని పసివాడు, పిండంతో వాడికి పనిలేదు. శాస్త్రం తెలిసినవాళ్ళకి అది చాలు. రోజుకు ఆరుసార్లు పాలు పట్టిన తల్లికి ఎలా చాలుతుంది? గరుడపురాణం మాత్రం ఆమె మొర ఆలకించింది. శిశువు పోతే పాలు ఇవ్వాలనీ, కాస్త ఎదిగిన బిడ్డయితే పాయసం కూడా పెట్టాలనీ అందులో ఉంది. మా వైపు చాలామంది దీన్ని వదిలేశారు. చేయించమని అడిగేవాళ్ళు లేరు, గుర్తుచేసే పురోహితులూ తక్కువే.

ఆ మాట చెప్పగానే లేచి స్నానం చేసింది. పాలు కాచి, వాడికి అలవాటైనట్టే కాస్త పటికబెల్లం వేసి, మణికట్టు మీద చుక్క వేసుకుని వేడి చూసింది. వీధిలో పసిపిల్లల్ని పిలిచి తన చేత్తోనే తాగించింది.

"వాడికి అందుతాయా?"

"అందుతాయని శాస్త్రం."

"నువ్వు నమ్ముతావా?"

"నమ్ముతానమ్మా." తనకోసం అన్న మాట కాదది.

నెలనెలా ఆ తిథికి పాలు ఇస్తూనే ఉంది. పసివాళ్ళకి మాసికాలు లేవు కదా, ఇదేమిటని ఊళ్ళో ఒకరిద్దరు అడిగారట. ఈసారి ఎవరైనా అడిగితే నా దగ్గరికి పంపమన్నాను.