కాపలా కాయడమా, తోడు నిలవడమా?

ఒక జుమా రోజున నమాజు ముగిసి జనం వెళ్ళిపోయాక ఒక సోదరుడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఏదో చెప్పబోయి రెండుసార్లు ఆగిపోయాడు. చివరికి గొంతు తగ్గించి అడిగాడు: "మౌలానా సాబ్, మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. చదువు కోసమని ఫోను కొనిచ్చాను. రాత్రి తను నిద్రపోయాక ఆ ఫోను తీసి అన్నీ చూస్తుంటాను. ఇంతవరకూ తప్పు ఏదీ కనబడలేదు. అయినా చూడందే నాకు నిద్ర పట్టదు. ఇది తండ్రిగా నా బాధ్యత అవుతుందా, తజస్సుస్ అవుతుందా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ ప్రశ్నకు రెండు వైపులా ధర్మమే ఉంది. ప్రతి మనిషీ ఒక సంరక్షకుడేనని, తన సంరక్షణలో ఉన్నవారి విషయంలో అతను జవాబు చెప్పుకోవలసి ఉంటుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించారు. మరోవైపు, ఇతరుల గుట్టును కూపీ లాగే పనికి పూనుకోవద్దని దివ్యఖుర్ఆన్ హుజురాత్ సూరాలో వారించింది. పట్టించుకోకపోతే ఒక ఆజ్ఞకు దూరమవుతాం, దొంగచాటుగా చూస్తే మరో ఆజ్ఞకు దూరమవుతాం. మరి తండ్రి ఏం చేయాలి?

పొరుగువారి ఇంట్లోనూ ఇదే ప్రశ్న

ప్రియ పాఠకులారా! ఈ బాధ మన ఇళ్ళకే పరిమితం కాదు. మన వీధిలోని క్రైస్తవ తండ్రి కూడా ఇదే దిగులుతో పడుకుంటున్నాడు. వారి మతపెద్దలు ఈ విషయంపై చాలాకాలంగా ఆలోచిస్తున్నారు. 1963లో రెండవ వాటికన్ మహాసభ సమాచార సాధనాల గురించి ప్రత్యేకంగా ఒక పత్రాన్ని వెలువరించింది. 1967 నుంచి కాథలిక్ చర్చి ఏటా ఒక రోజును ఇందుకోసమే పాటిస్తోంది. ఆ సందర్భంగా పోప్ సందేశం వెలువడుతుంది. 2025 ఏప్రిల్‌లో మరణించిన పోప్ ఫ్రాన్సిస్ 2016లో కుటుంబ జీవితంపై 'అమోరిస్ లెతీషియా' (ప్రేమలోని ఆనందం) అనే పెద్ద పత్రం రాశారు. ఆ సోదరుని ప్రశ్న వినగానే నాకు అందులోని కొన్ని పేరాలు గుర్తుకొచ్చాయి.

హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) విషయంలో వారి విశ్వాసానికీ మన విశ్వాసానికీ ఉన్న తేడా చిన్నది కాదు. దాన్ని దాచవలసిన పని లేదు. కానీ గ్రంథప్రజలను ఉమ్మడి విషయం వైపు పిలవమని నేర్పింది కూడా దివ్యఖుర్ఆనే. బిడ్డల పెంపకంలో ఒకరి అనుభవం మరొకరికి పనికొస్తుంది.

బిడ్డ ఎక్కడ ఉంది?

పోప్ ఫ్రాన్సిస్ మొదట తల్లిదండ్రుల బాధ్యతను గట్టిగా గుర్తుచేస్తారు. పిల్లల గదుల్లోకి తెరల ద్వారా ఎవరెవరు ప్రవేశిస్తున్నారో, వారికి వినోదం పంచుతున్నది ఎవరో పెద్దలు ఆలోచించాలని, అప్రమత్తత ఎప్పుడూ అవసరమేనని, నిర్లక్ష్యం వల్ల ఏనాడూ మేలు జరగదని అంటారు. ఇంతవరకూ ఆ సోదరుడు చేస్తున్న పనిని సమర్థించినట్లే ఉంటుంది.

కానీ ఆ వెంటనే ఆయన మాట మారుతుంది. బిడ్డ ప్రతి కదలికనూ తెలుసుకోవాలన్న యావ పెంపకం కాదంటారు. బిడ్డకు ఎదురయ్యే ప్రతి పరిస్థితినీ మన గుప్పిట్లో పెట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. అలా ప్రయత్నించే తల్లిదండ్రులు బిడ్డ తిరిగే చోటును ఆక్రమించగలరే గాని, రేపు ఎదురయ్యే పరీక్షకు ఆమెను సిద్ధం చేయలేరు. బిడ్డ శరీరం ఎక్కడుంది, ఎవరితో ఉంది అన్నది అసలు ప్రశ్న కాదు. ఆమె మనసు ఎక్కడుంది, దేన్ని నమ్ముతోంది, దేన్ని కోరుకుంటోంది, ఏ కలలు కంటోంది అన్నదే అసలు ప్రశ్న. ఆయన వాదన సారాంశం ఇది.

నేను ఆ సోదరుణ్ణి అడిగాను: "మీ అమ్మాయి ఫోనులో ఎవరి నంబర్లు ఉన్నాయో మీకు తెలుసు. ఈమధ్య తను దేని గురించి భయపడుతోందో తెలుసా?" అతను తల దించుకున్నాడు. నెలల తరబడి కాపలా కాసిన తండ్రికి ఆ ఒక్క సంగతి తెలియదు. ఎందుకంటే అది ఫోనులో ఉండదు. పక్కన కూర్చుని మాట్లాడితేనే తెలుస్తుంది.

దస్తర్‌ఖాన్ చుట్టూ

అదే పత్రంలో మరోచోట ఒక ఇంటి దృశ్యం ఉంది. రాత్రి భోజనానికి అందరూ కూర్చున్నారు, కానీ ఎవరి ఫోనులో వారు మునిగి ఉన్నారు. మరో ఇంట్లో భర్తో, భార్యో గంటల తరబడి యంత్రంతో కాలక్షేపం చేస్తుంటే, ఎదురుచూసి ఎదురుచూసి రెండోవారు నిద్రపోతారు. ఈ దృశ్యాల్లో దోషి పిల్లలు మాత్రమే కాదు. దస్తర్‌ఖాన్ మీద అబ్బా చేతిలో ఫోను ఉన్నప్పుడు, పిల్లలకు ఆయన చేసే నసీహత్ చెవికి చేరుతుందేమో గాని గుండెకు చేరదు.

దీనికి పోప్ ఫ్రాన్సిస్ సూచించిన మార్గం గమనించదగినది. కుటుంబంలో దీని గురించి బాహాటంగా మాట్లాడుకోవాలి, ఒకరితో ఒకరు గడపడానికే పెద్దపీట వేసే ఒప్పందాలకు రావాలి, అలాగని అర్థంలేని నిషేధాలు విధించకూడదు. 2019 సందేశంలో కూడా ఆయన ఈ మాటే మరో విధంగా చెప్పారు. కుటుంబ సభ్యులు దగ్గర కావడానికి ఇంటర్‌నెట్‌ను వాడుకుని, ఆపై భోజనాల దగ్గర కలుసుకుని ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోగలిగితే, అది మేలు చేసే సాధనమేనన్నారు.

తప్పు ఎవరిది?

'కత్తితో కూరగాయలూ తరగవచ్చు, గొంతూ కోయవచ్చు. తప్పు కత్తిది కాదు, మనిషిది' అని మనం తేలిగ్గా అనేస్తుంటాం. సోషల్ మీడియా విషయంలో ఈ పోలిక పూర్తిగా సరిపోదు. కత్తి పనైపోగానే పక్కన పడి ఉంటుంది, మనల్ని మళ్ళీ మళ్ళీ పిలవదు. వాటికన్ సమాచార విభాగం 2023 మే 28 తేదీతో విడుదల చేసిన పత్రం ఈ సంగతిని నిర్మొహమాటంగా చెప్పింది. ఈ వేదికలపై మనం వినియోగదారులమే కాదు, సరుకులం కూడా. మన ఇష్టాయిష్టాల సమాచారం అమ్ముడుపోతుంది, దాన్నిబట్టే మనకు ప్రకటనలు చేరతాయి. కాబట్టి చూపు మరల్చలేకపోతున్న బిడ్డను కేవలం 'చెడిపోయింది' అని నిందించడం న్యాయం కాదు. ఆమె చూపును పట్టి ఉంచడానికి అవతల పెద్ద వ్యాపారమే నడుస్తోంది. ఆమెకు ఇంట్లో పోలీసు కంటే తోడు ఎక్కువ అవసరం.

ఆ పత్రానికి ఆధారం లూకా సువార్తలోని ఒక ఉపమానం. యెరూషలేము నుంచి యెరికోకు వెళ్ళే దారిలో దొంగలు ఒక మనిషిని కొట్టి, కొనప్రాణంతో వదిలేస్తారు. యాజకుడు చూసి పక్కనుంచి వెళ్ళిపోతాడు, లేవీయుడూ అంతే. యూదులకు గిట్టని జాతికి చెందిన సమరయుడు మాత్రం ఆగి, గాయాలకు కట్టు కట్టి, సత్రానికి చేరుస్తాడు. ముందు వెళ్ళిన ఇద్దరు కూడా అతణ్ణి చూశారు. చూడటంలో లోపం లేదు, ఆగడంలోనే లోపం. ఈనాటి సోషల్ మీడియా దారుల్లో నీ పొరుగువాడు ఎవరు అని ఆ పత్రం అడుగుతుంది. నేనైతే ఆ ప్రశ్నను ఇంటి గడప లోపలికి తెస్తాను. బిడ్డ ఫోనును ప్రతి రాత్రీ చూస్తూ, బిడ్డ దగ్గర ఒక్క రోజూ ఆగని తండ్రి ఆ దారిలో ఎవరిని పోలి ఉన్నాడు?

మరి ప్రమాదాల మాటేమిటి?

'నమ్మకం, తోడు అని చెప్పడం తేలికే. మోసగాళ్ళు, అశ్లీలం, బెదిరింపులు నిజం కావా?' అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. అందుకే బాహాటంగా పెట్టే నియమానికీ, చాటుగా చేసే తనిఖీకీ ఉన్న తేడాను గుర్తించాలి.

నూర్ సూరాలో అల్లాహ్ ఇంటి లోపల కూడా అనుమతి మర్యాదను నేర్పాడు. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం విశ్రాంతి వేళ, ఇషా తర్వాత పిల్లలు సైతం అడిగి లోపలికి రావాలి. యుక్తవయసు వచ్చాక ఎల్లవేళలా అడగాలి. ఆ ఆజ్ఞ పెద్దల గదుల్లోకి రావడానికి సంబంధించినదే. అయినా ఒకే కప్పు కింద బతికేవారి మధ్య కూడా ఏకాంతానికి ఒక హద్దు ఉంటుందన్న పాఠం అందులో ఉంది. ఆ హద్దును పిల్లలకు నేర్పవలసిన మనమే ఇషా తర్వాత దాన్ని దాటితే ఎలా?

నా అవగాహన మేరకు మార్గం ఇలా ఉండాలి. చిన్న పిల్లల చేతికిచ్చేది పెద్దల ఫోనే. దాన్ని పెద్దలు చూస్తారని వారికి ముందే తెలియాలి. ఎదిగిన బిడ్డకు నియమాలు ఎదురుగా కూర్చుని చెప్పాలి, అవే నియమాలు అమ్మీ అబ్బాలకూ వర్తించాలి. నిజమైన ప్రమాద సూచన కనిపిస్తే తప్పకుండా చూడాలి, కానీ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని చూడాలి. ఏ సూచనా లేకుండా, కేవలం మన అనుమానం తీర్చుకోవడానికి దొంగచాటుగా చూడటం సంరక్షణ అనిపించుకోదు.

ఆ సోదరునికి ఇదే చెప్పాను. ఇంతకాలం చూసిన సంగతి కూడా అమ్మాయికి చెప్పి, తప్పు ఒప్పుకోమన్నాను. అతను కంగారుపడ్డాడు. "చెబితే తను నన్ను ఇక నమ్ముతుందా, మౌలానా సాబ్?" అన్నాడు. "ఇప్పుడు ఆమె నమ్ముతున్నది ఫోను ముట్టని తండ్రిని. ఆ తండ్రి మీరు కారు కదా!" అన్నాను. అతను చాలాసేపు మౌనంగా కూర్చుని, సలాం చెప్పి వెళ్ళిపోయాడు. చెప్పాడో లేదో నాకు తెలియదు. అది తేలిక కాదని మాత్రం తెలుసు.

సోదర సోదరీమణులారా! ఈ రాత్రి మన ఇంట్లో దస్తర్‌ఖాన్ పరిచినప్పుడు అందరికంటే ముందు మన ఫోను పక్కన పెడదాం. బిడ్డను ఒక్క ప్రశ్న అడిగి, జవాబు పూర్తయ్యే వరకూ విందాం. బిడ్డలు మన చేతిలో అల్లాహ్ ఉంచిన అమానత్. ఆ అమానత్‌ను అనుమానంతో కాక ప్రేమతో, వివేకంతో కాపాడుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.