పనిముట్టు పునరుద్ధరణ: వొక నైతిక సమస్య

పాత పనిముట్టును బాగుచేసేవాడు దేనిని బాగుచేస్తున్నాడు? వస్తువునా, ఆ వస్తువుతో పనిచేసిన మనిషి జ్ఞాపకాన్నా, లేక తన సొంత అభిరుచినా? యీ ప్రశ్న పైకి చిన్నదిగా కనిపిస్తుంది. కాని శ్రమ గురించీ, చరిత్ర గురించీ మనకున్న దృక్పథం యేమిటో దీనికి చెప్పే జవాబులో బయటపడుతుంది.

నేను కొన్నేళ్లుగా పాత కంప్యూటర్ టెర్మినళ్ల కీబోర్డులు సేకరించి, వాటిని విప్పి, తుడిచి, మళ్లీ పనిలో పెడుతున్నాను. మిత్రులు కొందరు దీనిని తీరిక వున్నవాడి వ్యామోహమంటారు. మరికొందరు యింకొంచెం ఘాటుగా, గుమాస్తాల పొట్టకొట్టిన యంత్రానికి పూజ చేస్తున్నావంటారు. యీ రెండు ఆక్షేపణలూ కొట్టిపారేయదగినవి కావు. అందుకే వాటిని పరిశీలించవలసి వుంది.

ముందు టెర్మినల్ అంటే యేమిటో చెప్పాలి. వ్యక్తిగత కంప్యూటర్లు రాకముందు కంప్యూటర్ వొక గదిలో వుండేది. దానితో పనిచేసే ఉద్యోగి ముందు తెరా, కీబోర్డూ మాత్రమే వుండేవి. ఐబియం 3270 కుటుంబం 1971లో వచ్చింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ విటి100 టెర్మినల్ 1978లో వచ్చింది. బీమా కార్యాలయాల్లో, బ్యాంకుల్లో, విమాన టిక్కెట్ల కౌంటర్లలో కూర్చున్న లక్షలాదిమందికి కంప్యూటర్ అంటే యీ మీటలే. వాళ్లలో ఎక్కువమంది స్త్రీలు.

యీ కీబోర్డులు యెందుకంత గట్టిగా తయారయ్యాయి? ఐబియం 3278 టెర్మినల్ కీబోర్డునే చూడండి. ప్రతి మీట కిందా వొక లోహపు స్ప్రింగు బద్ద వుంటుంది. మీట కొంత దూరం దిగగానే ఆ బద్ద చటుక్కున వంగుతుంది, వేలికి స్పష్టంగా తెలుస్తుంది. అంతటితో ఆగక, పెట్టె లోపల విద్యుత్తుతో కదిలే చిన్న సుత్తి వొకటి పెట్టారు. మీట నొక్కిన ప్రతిసారీ అది టక్కుమని కొడుతుంది. టైపుమిషనుకు అలవాటుపడిన చేతికి, అక్షరం పడిందన్న నమ్మకం కలిగించడానికే యీ చప్పుడు. నేటి సేకర్తలు యీ స్పర్శనూ, యీ చప్పుడునూ సంగీతంలా వర్ణిస్తారు. కాని కంపెనీలు వీటికి డబ్బు ఖర్చుపెట్టింది సంగీతం కోసం కాదు. మీట పడిందో లేదో తెలియని ఉద్యోగి తటపటాయిస్తుంది, తటపటాయిస్తే వేగం తగ్గుతుంది, తప్పులు పెరుగుతాయి. వేలికి సుఖమిచ్చిన స్ప్రింగే గంటకు యెన్ని మీటలు నొక్కాలన్న లెక్కనూ పెంచింది. యీ వైరుధ్యాన్ని మరచిపోయి కీబోర్డును మెచ్చుకోవడం సగం చూపు.

ఆ తరువాతి కథ మనకు పరిచితమైనదే. రిచర్డ్ హారిస్ అనే ఇంజనీరు వంగి పక్కకు వొరిగే స్ప్రింగుతో వొక చౌక పద్ధతి కనిపెట్టాడు. దానికి 1978లో పేటెంటు వచ్చింది. 1981లో వచ్చిన మోడల్ ఎఫ్ కీబోర్డులో యీ పద్ధతి వుంది. 1985 నాటి మోడల్ ఎమ్‌లో స్ప్రింగు మిగిలింది గాని, అడుగున వుండిన సర్క్యూటు పలక పోయి పలుచని ప్లాస్టిక్ పొర వచ్చింది. క్రమంగా రబ్బరు బుడిపెల కీబోర్డులు బజారును ఆక్రమించాయి. దీనిని కేవలం పతనమని శోకించడం కూడా న్యాయం కాదు. ఆ చౌకదనం వల్లనే కీబోర్డు మన పాఠశాలల దాకా వచ్చింది.

యిక మొదటి ఆక్షేపణ. సేకరణ వస్తువును ఆరాధనగా మార్చదా? మారుస్తుంది. నా కళ్లముందే మారుస్తోంది. 3278 కీబోర్డుకు అరుదుతనం వల్ల యిప్పుడు గొప్ప ధర పలుకుతోంది. దాని తెర బరువు, రవాణా ఖర్చు యెక్కువ. కనుక అమ్మేవాడు కీబోర్డును వేరుచేసి అమ్మి, తెరను తుక్కులో వేస్తున్నాడు. టెర్మినళ్లను టెర్మినళ్లుగా కాపాడాలనుకునేవారికి కీబోర్డు లేని తెరలు మిగులుతున్నాయి. ఆ తెరలూ, వాటి పలకలూ చివరికి చేరేది ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్లకు. అక్కడ చేతులతో, నిప్పుతో, యాసిడ్‌తో వాటిని విడదీసేది బీదవాళ్లు. సేకర్త బల్లమీది అందమైన వస్తువుకు మరొకరి వూపిరితిత్తుల్లో పొగ వెలగా మారవచ్చు. సేకరణ అమాయకమైన సరదా అన్నమాట యిక్కడ చెల్లదు. బతికివున్న టెర్మినల్ నుంచి కీబోర్డును కోసి తెచ్చుకోవడం తప్పు అని నేను సూటిగానే అంటాను. అప్పటికే వొంటరిగా తుక్కులో పడినదాన్ని తీసుకోవడం వేరు.

రెండవ ఆక్షేపణ యింకా బలమైనది. యీ కీబోర్డులు నిఘా సాధనాలు కూడా. ఉద్యోగి నొక్కిన మీటల్ని కంప్యూటరే లెక్కపెట్టి పైవాళ్లకు నివేదించేది. అమెరికా కాంగ్రెసుకు సాంకేతిక విషయాల్లో సలహా యిచ్చే కార్యాలయం 1987లో ‘ఎలక్ట్రానిక్ సూపర్‌వైజర్’ పేరుతో యీ పరిస్థితి మీద నివేదిక ప్రచురించవలసి వచ్చింది. 1973లో బోస్టన్ నగరంలో పుట్టిన ‘నైన్ టు ఫైవ్’ అనే మహిళా ఉద్యోగుల సంఘం, తెర ముందు పనిలోని ఆరోగ్య సమస్యలను సభల్లోకి తెచ్చింది. మన దేశంలోనూ యీ చరిత్ర వుంది. 1960లలో కలకత్తా బీమా ఉద్యోగులు కంప్యూటర్ ప్రవేశాన్ని అడ్డుకున్నారు. బ్యాంకు ఉద్యోగ సంఘాలు 1983లో యాజమాన్యాలతో ఒప్పందం చేసుకుని యంత్రీకరణకు హద్దులు గీయించాయి. ఐబియం 1978లో దేశం విడిచిపోయినప్పుడు దాని యంత్రాల పోషణ ప్రభుత్వ రంగంలోని సిఎంసి చేతికి వచ్చింది. హైదరాబాదులో ఇసిఐఎల్ సొంతంగా కంప్యూటర్లు చేసింది. అంటే యంత్రం వొక్కటే అయినా, అది యెవరి చేతిలో, యే షరతుల మీద వుందన్న ప్రశ్న వేరు. యంత్రానికీ, పెట్టుబడి దానిని వాడుకునే తీరుకూ మధ్య తేడా గుర్తించడానికి కార్మికులకు కాలమూ అనుభవమూ కావలసి వచ్చాయని మార్క్సు ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో చెప్పిన విషయం మనలో చాలామందికి తెలిసిందే. ఆ తేడా తెలిసినవాడు కీబోర్డును పూజించడు, పగలగొట్టడు. దానిని సాక్షిగా పిలిచి ప్రశ్నిస్తాడు.

సాక్షి అన్నప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. సాక్షికి రంగు పూయవచ్చునా?

విలియం మారిస్ 1877లో పాత కట్టడాల రక్షణ సంఘం స్థాపించాడు. అప్పటికి ఆయన సోషలిస్టు కాలేదు, ఆ దారిలో వున్నాడు. పునరుద్ధరణ పేరిట చర్చీల గోడలు గీకి, తరాల చేతిపనిని చెరిపి, వూహించిన ప్రాచీనతను అతికించడాన్ని ఆయన ఖండించాడు. నా పనికి ఆ హెచ్చరిక అక్షరాలా వర్తిస్తుంది. పాత ప్లాస్టిక్ పెట్టెలు పసుపెక్కుతాయి. హైడ్రోజన్ పెరాక్సైడు పూసి యెండలో పెడితే మళ్లీ తెల్లబడతాయి. అరిగిన మీటలు తీసి కొత్తవి తొడగవచ్చు. అప్పుడది కర్మాగారం నుంచి నిన్ననే వచ్చినట్లుంటుంది, అంటే యెవరూ దానిమీద యేనాడూ పనిచేయనట్లుంటుంది.

నా దగ్గర 122 మీటల ఐబియం టెర్మినల్ కీబోర్డు వొకటి వుంది. వొక కార్యాలయం తుక్కులోంచి వచ్చింది. దాని అక్షరాల మీటలు యింకా గరుకుగా వున్నాయి. కుడివైపు అంకెల మీటలు మాత్రం గాజులా నునుపెక్కాయి. ఆ మనిషి మాటలు రాయలేదు, రోజంతా అంకెలు పోసింది. పైవరస మీటల కింద చిన్న కాగితపు చీటీ అంటించి వుంది, యే మీట యేం చేస్తుందో సిరాతో రాసి. కంపెనీ పుస్తకం చెప్పని పనిజ్ఞానం ఆ చీటీలో వుంది. దానిని కడిగేస్తే కీబోర్డు శుభ్రపడుతుంది, మనిషి పోతుంది.

అయితే మారిస్ దగ్గరే ఆగిపోలేం. శిథిలమైన గోడ శిథిలంగానే మాట్లాడగలదు, చచ్చిన పనిముట్టు మాట్లాడలేదు. మోడల్ ఎఫ్ లోపలి నురుగు పొర కాలక్రమాన పొడి అయిపోతుంది. కీ ట్రానిక్ కంపెనీ కీబోర్డుల్లో ప్రతి మీట కిందా వుండే నురుగు బిళ్ల చివికిపోయి మీటలు మూగబోతాయి. ఆ పొర కొత్తగా కత్తిరించి వేయాలి, ఆ బిళ్లలు వొక్కొక్కటీ మార్చాలి. అప్పుడే ఆ మీటల బరువు యెంతో, యెనిమిది గంటలు నొక్కితే మణికట్టు యేమవుతుందో మన వేళ్లకు తెలుస్తుంది. కనుక నేను పాటించే విభజన యిది. పని ఆపించిన చేటును తొలగించాలి, పని మిగిల్చిన గుర్తును తొలగించరాదు. నేటి కంప్యూటర్‌కు కలపడానికి వైరు చివర చిన్న మార్పిడి పరికరం పెట్టాలేగాని, లోపలి పలకను కోయరాదు. రేపు యెవరైనా దాని అసలు టెర్మినల్‌ను తెస్తే తిరిగి కలిపేందుకు వీలుండాలి.

యిదంతా గతం కోసమేనా? కాదు. 1976 నాటి ఎడిఎం-3ఎ టెర్మినల్‌లో బాణం గుర్తులు హెచ్, జె, కె, ఎల్ మీటలమీద ముద్రించారు. బర్క్‌లీలో బిల్ జాయ్ ‘విఐ’ అనే ఎడిటర్‌ను ఆ టెర్మినల్ మీద రాశాడు. కనుక ఆ నాలుగు మీటలే కర్సరును నడిపాయి. నేడు హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో కూర్చున్న యువకుడు కారణం తెలియకుండానే అవే మీటలు నొక్కుతున్నాడు. అతని మీటల్ని కూడా యిప్పుడు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్లున్నాయి. టెర్మినల్ పోయింది, పర్యవేక్షకుడు పోలేదు. పాత కీబోర్డు చరిత్ర తెలిసినవాడికి తన మీద వున్న లెక్క ప్రకృతి సహజం కాదనీ, దానితో పోరాడినవాళ్లు, హద్దులు గీయించినవాళ్లు వున్నారనీ తెలుస్తుంది.

అందువల్ల సేకర్తగా నా బాధ్యత స్ప్రింగులతో తీరదు. ఆ అంకెల మీటలు నునుపు చేసిన తరం యింకా మన మధ్యే వుంది. పదవీ విరమణ చేసి, మన వీధుల్లోనే వుంది. వాళ్ల వేగం లెక్క యెంత వుండేదో, నొప్పి యెప్పుడు మొదలయ్యేదో, యూనియన్ సభలో యేం మాట్లాడారో అడిగి రాసుకోవడానికి కొద్ది సంవత్సరాలే మిగిలాయి. ఉపాధ్యాయులూ విద్యార్థులూ పూనుకోవలసిన పని అది. స్ప్రింగు యింకో యాభై యేళ్లయినా ఆగుతుంది. ఆ మాటలు ఆగవు.