విన్న పుస్తకం చదివినట్టేనా?

1896లో ఇంగ్లండులోని సీఫర్డ్ అనే ఊళ్లో ఉన్న ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు, పద్నాలుగేళ్ల కుర్రాడి సంగతి ఒకటి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కు రాశాడు. కుర్రాడి పేరు పెర్సీ. చురుకైనవాడు, ఆటల్లో తోటివాళ్లకు తీసిపోడు, అంకెలు చూసి లెక్కలు చేస్తాడు. ఏళ్ల తరబడి చదువు చెప్పించినా అక్షరం మాత్రం వాడికి లొంగలేదు. సొంత పేరునే తారుమారు చేసి ‘ప్రెసీ’ అని రాసేవాడు. చూపులో లోపమేమీ కనబడలేదు. వాడికి చదువు చెప్పిన మాస్టారి అభిప్రాయాన్ని కూడా మోర్గన్ నమోదు చేశాడు: పాఠాలన్నీ నోటితోనే సాగితే బడి మొత్తంలో ఈ కుర్రాడంతటి తెలివైనవాడు ఉండడట.

అంత మాట అన్నాక, మరి కొన్ని పాఠాలైనా నోటితో ఎందుకు చెప్పకూడదని ఎవరికైనా అనిపిస్తుంది. దీనికి వైద్యశాస్త్రం జవాబు చెప్పదు. చదువంటే గీతలు చూసి గొంతెత్తడమా, అందులోని సంగతి బుర్రకెక్కడమా అన్నది తేలాలి. బడిలో ఈ చిక్కును వారంవారం ఎదుర్కొనే మనిషి లైబ్రేరియన్. లైబ్రేరియన్ పోస్టే లేని బళ్లలో, బీరువా తాళాలు దగ్గరుంచుకునే టీచరు.

మన పూర్వులకు ఈ ప్రశ్న కొత్తగా తోచేది కాదు. వేదం నోటి నుంచి చెవికి, చెవి నుంచి నోటికి నడిచింది. ఉచ్చారణ నేర్పే పాణినీయ శిక్ష అధమ పాఠకుల్ని ఆరుగురిని లెక్కగట్టి, రాసినది చూసి చదివేవాణ్ని కూడా ఆ జాబితాలో వేసింది. తల ఊపేవాడు, గబగబా అప్పజెప్పేవాడు వాడికి తోడు. బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు భార్య మైత్రేయికి చూపిన దారిలో వినడం, తర్కించుకోవడం, ధ్యానించడం ఉన్నాయి గానీ తాటాకుల ఊసు లేదు. అవధాని నేటికీ కాగితం ముట్టకుండానే పృచ్ఛకులకు పద్యాలు పూరిస్తాడు. పుస్తకం చూడకుండా పండితుడు కావడం ఈ నేల మీద విడ్డూరమేమీ కాదు.

అలాగని ఆ రోజుల్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. వినే హక్కుకు కులం అడ్డం, ఆడపుట్టుక అడ్డం. అచ్చుపుస్తకం వచ్చాకే ఆ తలుపులు కొంతైనా తెరుచుకున్నాయి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపించినా, పాతూరి నాగభూషణం కాలువల మీద పడవలో పుస్తకాలు తిప్పినా, అక్షరం అందనివాళ్ల ముంగిట్లోకి దాన్ని చేర్చాలన్నదే ఆ తపన. పైగా కంఠస్థం చేయించే పద్ధతి కూడా అందరికీ నప్పలేదు. బౌద్ధుల ధమ్మపదానికి వ్యాఖ్యానమైన అట్ఠకథలోని చూళపంథకుడే అందుకు సాక్షి.

అతను రాజగృహంలో భిక్షువు. అన్న మహాపంథకుడు గొప్ప విద్వాంసుడు. తమ్ముడికి ఒక్క గాథ నేర్పబోతే నాలుగు నెలలైనా పట్టుబడలేదు. రెండో పాదం వచ్చేసరికి మొదటిది జారిపోయేది. విసిగిన అన్న, ఆరామం విడిచి వెళ్లిపొమ్మన్నాడు. వైద్యుడు జీవకుడు భిక్షువుల్ని భోజనానికి పిలిస్తే ఆ లెక్కలోంచి కూడా తమ్ముణ్ని తప్పించాడు. బుద్ధుడు అతన్ని చేరదీసి, తెల్లటి గుడ్డ ఒకటి చేతికిచ్చి, తూర్పుముఖంగా కూర్చుని దాన్ని రుద్దుతూ మురికి పోవాలనే అర్థం వచ్చే చిన్న మాటను జపించమన్నాడు. రుద్దగా రుద్దగా గుడ్డ మాసింది. శుభ్రంగా ఉన్నది అలాగే ఉండిపోదన్న సంగతి అతనికి చేతి వేళ్ల ద్వారా తెలిసింది. గాథ రానివాడు అర్హతుడయ్యాడు.

ఈ కథకు ఇంకో పార్శ్వం ఉంది. ఇతనికి ఈ మందబుద్ధి ఎందుకొచ్చిందని అడిగితే, వెనకటి జన్మలో తాను పండితుడై ఉండి మందబుద్ధి అయిన ఒక భిక్షువును ఎగతాళి చేశాడని అదే వ్యాఖ్యానం చెబుతుంది. కారణం కర్మ, ఉపాయం గుడ్డ. బుద్ధుడు ఆ కర్మను ఎత్తిచూపి అన్నగారి నిర్ణయాన్ని సమర్థించలేదన్నది గమనించాలి. మన ఇళ్లూ బళ్లూ మాత్రం మొదటి సగాన్నే పట్టుకుని వేలాడాయి. ‘వాడి తలరాత’, ‘సరస్వతీ కటాక్షం లేదు’, ‘ఒట్టి మొద్దు’. కాలు తగిలితే పుస్తకాన్ని కళ్లకద్దుకునే ఇళ్లలో, చదవలేని పిల్లకు ఆ చదువుల తల్లే తనను కాదందేమోనన్న దిగులు కూడా తోడవుతుంది.

తమాషా ఏమిటంటే, ఆ తల్లి పేరు మీద జరిగే అక్షరాభ్యాసంలోనే మంచి ఉపాయం ఉంది. పళ్లెంలో బియ్యం పోసి, బిడ్డ వేలు పట్టుకుని, నోటితో పలికిస్తూ దిద్దిస్తారు. కన్ను, చెవి, వేలు మూడూ ఒకేసారి పని చేస్తాయి. అమెరికాలో శామ్యూల్ ఆర్టన్, అన్నా గిలింగ్‌హామ్ 1930ల నాటికి డిస్లెక్సియా, అంటే పెర్సీలా తెలివి ఉన్నా అక్షరం లొంగని స్థితి, ఉన్న పిల్లల కోసం రూపొందించిన బోధన కూడా ఈ మూడింటినీ కలిపే సాగుతుంది. మనం ముహూర్తం దాటగానే బియ్యాన్ని పక్కన పెట్టేశాం.

తెలుగు లిపిలో తడబడటానికి చోటు ఎక్కువే. తలకట్టు విడిగా ఉంటే ప, కలిసిపోతే వ. ఘ, ఝ చాలామంది పెద్దల్నే మోసం చేస్తాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం చూడండి. స కింద త వత్తు, దానికి తోడు ర వత్తు. పలికేటప్పుడు అన్నిటికన్నా చివర వచ్చే ఈకారం రాతలో మాత్రం స నెత్తి మీదే కూర్చుంటుంది. కంటికి కనబడే వరస ఒకటి, నోటికి కావలసిన వరస మరొకటి. చాలామంది పిల్లలు కొన్నాళ్లకు దీన్ని దాటేస్తారు. డిస్లెక్సియా ఉన్న పిల్లకు పదో తరగతిలో కూడా ప్రతి వత్తు దగ్గరా ఆగాల్సి వస్తుంది. చేతికర్ర, కళ్లజోడు లాంటి గుర్తేమీ ఉండదు కాబట్టి చూసేవాళ్లు బద్ధకమని తేల్చేస్తారు.

చట్టానికి కూడా ఇది కనబడటానికి చాలాకాలం పట్టింది. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. ఆ సంఖ్యను ఇరవై ఒకటికి పెంచిన 2016 చట్టంలో డిస్లెక్సియా, రాతలో తడబడే డిస్‌గ్రాఫియా, లెక్కల్లో తడబడే డిస్‌కాల్కులియా వంటివి చోటు సంపాదించాయి. వీటిని టీచర్లు తొలి దశలో పోల్చుకోవడానికి ఎన్‌సీఈఆర్‌టీ ‘ప్రశస్త్’ అనే యాప్ తెచ్చింది. అయినా పరీక్షలో అదనపు సమయమో, రాసిపెట్టే మనిషో కావాలంటే డాక్టర్లు, ధ్రువపత్రాలు తప్పవు. లైబ్రరీలో పుస్తకం ఇవ్వడానికి ఏ ధ్రువపత్రమూ అక్కర్లేదు. అక్కడ మార్కులు వేసేవారూ లేరు.

ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం దొరకాలి, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలి. లెక్కల అధ్యాపకుడిగా మొదలై మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ అయిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో ఇవి రెండోది, మూడోది. పాఠకుడు కంటితోనే చదవాలన్న షరతు వాటిలో లేదు.

లైబ్రరీ పీరియడ్‌లో కాస్త కనిపెట్టి చూస్తే చాలా తెలుస్తుంది. ఒక పిల్ల ప్రతి వారం అదే బొమ్మల పుస్తకం తీస్తుంది. ఒకడు లావుపాటి నవల తెరిచి కూర్చుంటాడు, పావుగంటైనా పేజీ తిరగదు. ఇంకొకడు చదవమంటారేమోనన్న భయంతో అరలు సర్దే పనికి ముందే లేస్తాడు. జాగ్రత్త తెలిసిన లైబ్రేరియన్ ఈ పిల్లల్ని నిలబెట్టి పైకి చదవమనరు. తానే ఒక అధ్యాయం చదివి వినిపించి, కథ ఉత్కంఠలో ఉండగా ఆపేస్తారు. పక్క వరసలు కనబడకుండా అట్టముక్కలో ఒక్క వాక్యం పట్టేంత కిటికీ కోసి ఇస్తారు. పుస్తకాల మీద తరగతి అంకె అంటించడం మానేస్తారు, ఎనిమిదో తరగతి కుర్రాడు ‘3’ అని రాసి ఉన్న పుస్తకాన్ని నలుగురిలో చేత్తో పట్టుకోడు గనక. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం 2016 నుంచి అచ్చు చదవలేనివారి కోసమే నడుస్తోంది. ఇలాంటి పాఠకుల కోసం పుస్తకాన్ని శబ్దరూపంలోకి మార్చుకోవడానికి 2012లో సవరించిన మన కాపీరైట్ చట్టమే వీలు కల్పించింది. అదే పని కోసం కుదిరిన అంతర్జాతీయ మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికన్నా ముందు ధ్రువీకరించిన దేశం భారతదేశమే.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఇలాంటి పుస్తకాలన్నీ ఒకచోట పెడితే సులువుగా దొరుకుతాయి, పిల్లలూ అంతే సులువుగా బయటపడిపోతారు. స్వీడన్‌లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల పుస్తకాలకు ‘ఆపిల్ అర’ అని విడిగా ఒక అర పెట్టారు. ఆ పేరులో లోపం గురించిన ప్రస్తావన లేదు, ఎవరైనా వెళ్లి నిలబడవచ్చు. తెలుగు బడిలో ఇంకా తేలిక దారి ఉంది. ఆడియో కథలు, పెద్ద అక్షరాల పుస్తకాలు అందరికీ ఇస్తే ఎవరికి ఎందుకు కావాలో అడగాల్సిన పని పడదు.

ఒక అభ్యంతరం న్యాయమైనదే. వినడం అలవాటైతే పిల్ల ఇక అక్షరం జోలికి పోదేమో. ఆడియో పుస్తకం అక్షరాలు నేర్పదు. ధ్వనికీ అక్షరానికీ ముడివేస్తూ ఓపిగ్గా, క్రమపద్ధతిలో చెప్పే పాఠం విడిగా కావాలి, అది లైబ్రేరియన్ ఒక్కరి వల్ల అయ్యేది కాదు. కానీ ఆ పాఠం ఫలించేలోగా ఏళ్లు గడుస్తాయి. ఆ ఏళ్లలో తోటివాళ్లు కథల నుంచి, చరిత్ర నుంచి కొత్త మాటలు, కొత్త ఊహలు పోగుచేసుకుంటూ ఉంటే, ఈ పిల్ల రెండో తరగతి వాచకం దగ్గరే ఆగిపోవడం అన్యాయం. అందరికీ ఒకే పుస్తకం ఇస్తే సమానత్వమని చెప్పే పంపకంలో చూళపంథకుడికి ఆ నాలుగు నెలలే మిగులుతాయి, గుడ్డ దొరకదు.

ఈ వాదన అంతా చివరికి ఇష్యూ రిజిస్టరులో తేలుతుంది. ఏడాది చివర ఎక్కువ పుస్తకాలు చదివినవారికి బహుమతి ఇచ్చే బళ్లున్నాయి. విని పూర్తిచేసిన పుస్తకాన్ని అదే వరసలో, అదే సిరాతో ఎక్కించాలా, లేక విడి కాగితం మీద వేయాలా? కథలో ఎవరు ఎందుకు అబద్ధమాడారో, ముగింపు ఎలా ఉంటే బాగుండేదో ఆ పిల్లను అడిగి, కంటితో చదివినవాళ్లను కూడా అదే అడిగితే, రిజిస్టరు రాసే టీచరుకు జవాబు అక్కడికక్కడే దొరుకుతుంది.