సాధనం – సాధన: డీజే సరంజామాలో టర్న్‌టేబుల్ ప్రశ్న

సంగ్రహం

డిజిటల్ పరికరాలతో పనిచేసే డీజే తన సరంజామాలో వినైల్ టర్న్‌టేబుల్‌ను చేర్చుకోవాలా వద్దా అన్నది పైకి వ్యాపార విషయంగా కనిపిస్తుంది. లోతుగా చూస్తే అది పనిముట్టుకూ, శ్రమకూ, అభ్యాసానికీ మధ్య ఉన్న సంబంధానికి చెందిన నైతిక ప్రశ్న. బాన్సువాడ ప్రాంతపు ఊరేగింపు సంగీతాన్ని సందర్భంగా తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: డీజే, టర్న్‌టేబుల్, అభ్యాసం, డప్పు, వెట్టి, మైకు సెట్టు.

1. ఉపోద్ఘాతం

కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ నిజాంసాగర్ ఆయకట్టు పట్టణం. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగేదాకా ఇది నిజామాబాద్ జిల్లాలో ఉండేది. తెలంగాణలోని తక్కిన చిన్న పట్టణాలలో వలెనే ఇక్కడ కూడా పెళ్లి బరాతుకూ, వినాయక నిమజ్జనానికీ డీజే అలవాటైపోయింది. వ్యానుపై పేర్చిన బేస్ బాక్సులు, ఆంప్లిఫయర్లు, జనరేటరు, ఒక లాప్‌టాప్, దానికి కలిపిన కంట్రోలరు ఇందులోని ప్రధాన సామగ్రి. పాటలన్నీ ఫైళ్ల రూపంలో ఉంటాయి. రెండు పాటల లయను కలపడానికి ఒక బటన్ నొక్కితే సరిపోతుంది.

ఇటువంటి సరంజామా గల యువకుడొకడు టర్న్‌టేబుల్ కొనాలా వద్దా అని తర్కించుకుంటున్నాడని ఊహించవచ్చు. అదే సొమ్ము బేస్ బాక్సులపై పెడితే మోత పెరుగుతుంది. మోత పెరిగితే బేరాలు పెరుగుతాయి. టర్న్‌టేబుల్ ఉందా అని అడిగే పెళ్లివారు ఉండరు. అయినా అతని మనసు దానివైపే లాగుతుంది. ఆ కోరికకు సమర్థన ఉందా, ఉంటే అది ఏ ప్రాతిపదికపై నిలుస్తుంది అన్నది విచారణీయాంశం.

2. నిల్వ సాధనం నుండి వాద్యం వరకు

టర్న్‌టేబుల్ తెలుగు ఊళ్లకు పూర్తిగా కొత్తది కాదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గానం ముద్రణ పొందిన తరువాత గ్రామఫోన్ రికార్డు భారతీయ భాషలన్నింటికీ విస్తరించింది. రంగస్థల పద్యాలు ప్లేట్ల రూపంలో తెలుగు ఇళ్లకు చేరాయి. అనంతర కాలంలో మైకు సెట్టు వారు రికార్డుల పెట్టె, హారన్ మైకులు మోసుకొచ్చి పెళ్లి పందిళ్లలో పాటలు వినిపించారు. ‘రికార్డింగ్ డాన్సు’ అనే మాటలో ఆ కాలపు జాడ నేటికీ మిగిలి ఉంది. తరువాత క్యాసెట్టు, సీడీ, పెన్‌డ్రైవ్ వరుసగా రికార్డు స్థానాన్ని ఆక్రమించాయి.

అయితే మైకు సెట్టు నిర్వాహకునికి రికార్డు ఒక నిల్వ సాధనం మాత్రమే. ముల్లు పెట్టడం, పాట ముగిశాక తీయడం అతని పని. రికార్డును వాద్యంగా మార్చిన పరిణామం వేరొకచోట జరిగింది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో జరిగిన ఒక వేడుకలో డీజే కూల్ హర్క్ రెండు టర్న్‌టేబుళ్లతో పాటలోని తాళవాద్య భాగాన్ని పొడిగించి వినిపించిన సందర్భాన్ని హిప్‌హాప్ ఆవిర్భావంగా చెప్పుకుంటారు. 1972లో వెలువడిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200లో మోటారు పళ్లేన్ని నేరుగా తిప్పుతుంది. అందువల్ల చేతితో ఆపి వదిలినా అది వెంటనే వేగం అందుకుంటుంది. 1979 నాటి దాని తరువాతి నమూనాలో వేగాన్ని 8 శాతం వరకు పెంచడానికీ తగ్గించడానికీ జారుడు మీట వచ్చింది. ఆ తయారీ 2010లో ఆగి, 2016లో పునఃప్రారంభమైంది.

కాబట్టి టర్న్‌టేబుల్‌కు రెండు చరిత్రలున్నాయి. ఒకటి పాటను దాచే చరిత్ర, రెండవది పాటను చేతితో మలిచే చరిత్ర. తెలుగు ఊళ్లకు మొదటిది తెలుసు; రెండవది అంతగా పరిచయం లేదు. బాన్సువాడ యువకుని కోరిక ఈ రెండవ చరిత్రకు చెందినది.

3. ‘అసలు ధ్వని’ వాదం: పరిమితులు

వినైల్‌ను సమర్థించేవారు సాధారణంగా చూపే కారణం దాని ధ్వనిలోని సహజత్వం. యాంత్రిక పునరుత్పత్తిలో కళాకృతి తన ప్రత్యేక ప్రభను కోల్పోతుందని వాల్టర్ బెన్యమిన్ 1930లలో చర్చించాడు. ఆ దృష్టితో చూస్తే వినైల్ రికార్డు కూడా పునరుత్పత్తే. డిజిటల్ ఫైలు వచ్చిన తరువాత మాత్రమే అది ‘అసలు’గా కనిపించసాగింది. అసలుదనం వస్తువులో స్థిరంగా ఉండే గుణం కాదనీ, దాని తరువాత వచ్చిన వస్తువుతో పోల్చినప్పుడు దానికి అబ్బే గౌరవమనీ ఇందువల్ల తెలుస్తుంది.

ప్రస్తుత సందర్భంలో ఈ వాదం మరింత బలహీనపడుతుంది. బరాతులో మోగే తీన్మార్ మిక్సులూ, జానపద రీమిక్సులూ ఫైళ్లుగానే పుట్టి ఫైళ్లుగానే చలామణి అవుతున్నాయి. వాటిని టర్న్‌టేబుల్‌పై నడపాలంటే టైమ్‌కోడ్ రికార్డు అవసరం. దాని గాడిలో పాట ఉండదు; ఒక సంకేతధ్వని మాత్రమే ఉంటుంది. రికార్డు ఎంత వేగంతో, ఏ దిశలో, ఏ చోట తిరుగుతున్నదో సాఫ్ట్‌వేర్ ఆ సంకేతాన్ని బట్టి గ్రహించి, లాప్‌టాప్‌లోని ఫైలును అదే విధంగా కదుపుతుంది. వినపడేది మునుపటి ఫైలే. ఇక ధ్వని పేరుతో టర్న్‌టేబుల్‌ను సమర్థించడానికి అవకాశం లేదు. మిగిలేది చేయి ఒక్కటే.

4. అభ్యాసపు విలువ

చేతి పనికి విలువ ఎక్కడినుండి వస్తుంది? కావ్యప్రకాశంలో మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడింటినీ వేర్వేరు కారణాలుగా కాక, కలిసి ఒకే కావ్యహేతువుగా నిరూపించాడు. ఈ నిరూపణలో అభ్యాసం ఫలితానికి చేర్చే దారి మాత్రమే కాదు. హేతువులో విడదీయరాని అంశం. అవధాన ప్రక్రియ కూడా ఇదే విషయాన్ని మరొక రీతిగా చూపుతుంది. కాగితం, కలం ఇస్తే అవధాని పని సులువవుతుంది. కానీ అది అవధానం కాకుండా పోతుంది. అక్కడ కష్టం కళకు అడ్డంకి కాదు, కళ ఉండే చోటు అదే.

లయ కలిపే బటన్ వల్ల పని సులువైన మాట నిజం. దానితోపాటు రెండు పాటల మధ్య తేడాను చెవితో పట్టుకోవలసిన అవసరమూ తొలగిపోయింది. తత్త్వవేత్త ఆల్బర్ట్ బోర్గ్‌మన్ 1984 నాటి తన గ్రంథంలో పొయ్యికీ, ఇల్లంతటినీ వేడిచేసే యంత్రానికీ గల భేదాన్ని వివరించాడు. యంత్రం వేడిని మాత్రమే ఇస్తుంది. పొయ్యి వేడితోపాటు ఇంటిల్లిపాదికీ తలా ఒక పని పెడుతుంది, వారిని ఒకచోట కూర్చుతుంది. టర్న్‌టేబుల్ ఆ పొయ్యి వంటిది. చేయి తప్పితే లయ తప్పుతుంది. తప్పినట్టు అందరికీ వినపడుతుంది. తప్పుకు బాధ్యుడయ్యే అవకాశం ఉన్నచోటనే ఒప్పుకు కూడా కర్త కాగలుగుతాడు.

5. ఎవరి చేయి?

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఎదురవుతుంది. డీజే రాకముందు ఊరేగింపును నడిపించింది డప్పు. దానికి కావలసినదంతా చేతి పనే. తోలును మంటపై కాచి బిగువు తెచ్చుకోవాలి. చల్లారితే మళ్లీ కాచాలి. సిర్ర, చిటికెన పుల్లలతో దరువు మారుస్తూ నాట్యం చేసేవారి అడుగును కనిపెట్టి ఉండాలి. బేస్ బాక్సులు వచ్చాక ఆ చేతులకు పిలుపులు తగ్గాయి. అలా తగ్గించిన వృత్తిలో నిలబడి, ఇప్పుడు చేతి స్పర్శ కావాలని దూరదేశపు పరికరాన్ని కోరడంలో వైరుధ్యం లేదా?

వైరుధ్యం ఉన్నది. అయితే దానికి పరిష్కారం గతాన్ని కీర్తించడం కాదు. డప్పు గొప్ప కళ; అదే సమయంలో అది ఒక కులంపై మోపిన చాకిరీ కూడా. చావుకు మోగించడం, దండోరా వేయడం కోరి చేసిన పనులు కావు. నిజాం రాజ్యంలో ఆంధ్ర మహాసభ వెట్టిని ప్రతిఘటించింది ఇటువంటి నిర్బంధాల నేపథ్యంలోనే. డప్పు దించి వేరే వృత్తి చేపట్టిన యువకుణ్ణి కళాద్రోహి అనడం అన్యాయం. డప్పు తరువాతి కాలంలో ఉద్యమ సభలలో ఆత్మగౌరవ చిహ్నంగా మోగడానికి కారణం అక్కడ దానిని వాయించినవారు తమంత తాముగా ఎత్తుకోవడమే.

దీనినిబట్టి పూర్వభాగంలోని ప్రతిపాదనను సవరించుకోవాలి. కష్టం తనంతట తాను విలువైనది కాదు. విధించిన కష్టం వెట్టి. ఎంచుకొన్న కష్టం సాధన. అవధాని కాగితాన్ని వద్దనుకోగలడు గనుకనే అతని ధారణకు గౌరవం. బటన్ అందుబాటులో ఉండగా దానిని పక్కన పెట్టడం వల్లనే టర్న్‌టేబుల్ అభ్యాసానికి నైతిక విలువ కలుగుతుంది. ఎంచుకొనే వెసులుబాటు తనకు ముందు ఈ వీధిలో వాయించినవారికి లేకపోయిందన్న ఎరుక ఆ యువకునికి ఉండాలి. ఆ ఎరుక డప్పు కళాకారుణ్ణి అతనికి సమానమైన పారితోషికంతో పక్కన నిలబెట్టుకొనేంతవరకు పోతే, టర్న్‌టేబుల్ కోరిక మరింత అర్థవంతమవుతుంది.

6. స్థలౌచిత్యం

సాధనం మంచిదైనంత మాత్రాన అన్నిచోట్లా తగినది కాదు. కదిలే వ్యానుపై గుంతల కుదుపుకు ముల్లు గాడి తప్పుతుంది. బేస్ బాక్సుల కంపనం ముల్లు ద్వారా తిరిగి ఆంప్లిఫయరులోకి చేరి హోరుగా మారుతుంది. బరాతు మధ్యలో పాట ఆగితే నష్టపోయేది పెళ్లివారు. తన సాధనకు ఇతరుల వేడుకను పణంగా పెట్టే అధికారం ఎవరికీ లేదు. ఆ దృష్టితో చూస్తే టర్న్‌టేబుల్‌కు తగిన చోటు అభ్యాసపు గది, ఆపైన కదలని వేదిక. బరాతులో కంట్రోలరే ఉచితం. కానీ టర్న్‌టేబుల్‌పై పదునుపెట్టిన చెవి కంట్రోలరు దగ్గరకూ వెంట వస్తుంది.

వేరొక కోణమూ ఉంది. 2000 నాటి శబ్దకాలుష్య నియంత్రణ నియమాలు నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లను పరిమితిగా నిర్ణయించాయి. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించారు. వృత్తి మొత్తం మోతపై పోటీ పడుతున్న కాలంలో బేస్ బాక్సులకు బదులు టర్న్‌టేబుల్ కొనడం నైపుణ్యంపై పోటీపడే నిర్ణయం. మొదటి పోటీ భారం వీధిలోని వృద్ధులపై, పసిపిల్లలపై పడుతుంది. రెండవదాని భారం సాధకుడు తానే మోస్తాడు.

7. ముగింపు

ధ్వని కోసమో, గొప్ప కోసమో టర్న్‌టేబుల్‌ను చేర్చుకోవడానికి సమర్థన లేదు. అప్పు తెచ్చి, ఇంటి అవసరాలు ఆపి కొనడానికి అసలే లేదు. తన వినికిడిని తాను పరీక్షించుకోవడానికి, మోతకు బదులు నేర్పుతో బతకడానికి, ఆ కష్టాన్ని ఇష్టపడి ఎత్తుకొనేవానికి మాత్రం అది తగిన సాధనం. తెలుగులో సాధనం, సాధన అనే రెండు మాటలూ ఒకే ధాతువునుండి వచ్చాయి. మొదటిది అంగడిలో దొరుకుతుంది. దానిని కొన్న తరువాత రోజూ గదిలో కూర్చుని రెండవదాన్ని చేయడానికి అతడు సిద్ధమా కాదా అన్నదానిపైనే ఈ నిర్ణయపు మంచిచెడ్డలు ఆధారపడి ఉంటాయి.