మొదటి అనుమానం ఎవరి మీద?



గూడూరు అనగానే మనకు నిమ్మకాయల మార్కెట్టు, రేణిగుంట దారి చీలే రైల్వే జంక్షను, అభ్రకం గనులు గుర్తుకొస్తాయి. మన వైపు గొప్పవారెవరని అడిగితే మంత్రులనూ, కవులనూ, నటులనూ లెక్కపెడతాం. 2022లో తిరుపతి జిల్లాలో చేరేదాకా గూడూరు నెల్లూరు జిల్లాలోదే. ఆ జిల్లా బిడ్డ ఒకరిని మాత్రం ఈ లెక్కలో తరచు మరచిపోతాం. ఆయన వెన్నెలకంటి రాఘవయ్యగారు.

1897లో పుట్టి 1981లో కన్నుమూసిన ఆయన, తన జీవితంలో ఎక్కువ భాగం యానాదుల కోసం ధారపోశారు. యానాదులు మనకు కొత్తవారు కారు. చేపలు పట్టి, పొలాల్లో ఎలుకలు పట్టి, తోటలకు కాపలా కాసి బ్రతికే బీదలు. ఆంగ్ల ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం చేసింది. తల్లి కడుపులోని బిడ్డకు కూడా నేరం అంటగట్టిన చట్టమది. తరువాతి కాలంలో ఆ ముద్ర యానాదుల మీదా పడింది. రాఘవయ్యగారు వారిని సంఘంగా కూడగట్టి, ఆ ముద్ర పోవాలని పోరాడారు. 1952లో చట్టం రద్దయింది. 1973లో ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్‌తో గౌరవించింది.

చట్టం పోయింది. మన మనసులోని ముద్ర పోయిందా?

నా చిన్ననాటి సంగతి ఒకటి చెబుతాను. పండుగనాడు మా ఇంట్లో ఇత్తడి చెంబు కనబడలేదు. పెరట్లో కట్టెలు కొడుతున్న యానాది కుర్రవాడి మూట విప్పించారు. అందులో ఉన్నవి నాలుగు చింతకాయలు, ఒక చిరిగిన తుండుగుడ్డ. సాయంత్రానికి చెంబు బావి దగ్గర దొరికింది. ఆ పిల్లవాడికి తప్పయిందని చెప్పినవారు లేరు. ఆ రాత్రి మా ఇంట జపమాల మాత్రం మానలేదు.

మన తోటకు కాపలా అతడే. వస్తువు పోతే మొదటి అనుమానమూ అతడి మీదే!

క్రీస్తునాథుడు ఇద్దరు దొంగల నడుమ సిలువ మీద వ్రేలాడాడు. నేరస్థుల లెక్కలో తానూ చేరాడు. అత్యల్పులకు చేసినది తనకే చేసినట్లని మత్తయి సువిశేషం 25వ అధ్యాయంలో బోధించాడు. అంటే ఆనాడు మేము విప్పించినది ఎవరి మూట?

ఈసారి పాపసంకీర్తనానికి వెళ్ళేముందు, ఆధారం లేకుండా ఎవరిని అనుమానించామో కూడా ఆత్మశోధన చేసుకుందాం. ఆ మనిషి ఇంకా మన ఊరిలోనే ఉంటే, ముందు అతని గుడిసెకు వెళ్ళి, తప్పయిందని చెప్పి, ఆ తరువాత పీఠం వద్దకు వద్దాం.

ప్రభువు మన చూపును శుద్ధిచేయునుగాక. ఆమెన్.